చేదు చుక్క: కాక్‌టెయిల్ గ్లాసులో దాగిన వైద్యుని సీసా

తీరాంధ్రంలోని నిజాంపట్నం రేవును పదిహేడవ శతాబ్దపు ఆంగ్లేయ వర్తకులు పేటపోలి అనీ, పత్తాపోలి అనీ తమకు తోచిన రీతిగా వ్రాసుకొనేవారు. ఈస్టిండియా కంపెనీ వారి ‘గ్లోబ్’ నౌక 1611లో ఆ తీరాన్ని చేరింది. ఇరవై ఒక్క సంవత్సరాల అనంతరం, 1632 సెప్టెంబరు 28న, రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ మనిషి ఆ రేవులోని వర్తకుడు థామస్ కాలీకి ఒక లేఖ వ్రాశాడు. అందులో ‘పంచ్’ అనే పానీయం ప్రస్తావన ఉన్నది. ఆంగ్లభాషలో ఆ మాట కనిపించే తొలి తావు అదేనని నిఘంటుకారులు చెబుతారు. నేడు పాశ్చాత్య దేశాలలో విందులకు, వివాహాలకు పెద్ద గాజుపాత్రలో పోసి ఉంచే పంచ్‌కు తొలి లిఖిత సాక్ష్యం ఒక తెలుగు రేవుకు వచ్చిన ఉత్తరమన్న సంగతి చాలమందికి తెలియదు.

సారాయి, నిమ్మరసం, చక్కెర, నీరు, ఏదో ఒక సుగంధద్రవ్యం అనే ఐదింటి కలయిక గనుక మన ‘పంచ’ శబ్దం నుండి ఆ పేరు వచ్చిందని పలువురి నమ్మకం. కాదు, పీపాకు ఆంగ్లంలో గల ‘పంచియన్’ అనే పేరు నుండి వచ్చిందని వాదించేవారూ ఉన్నారు. పేరు మాట ఎట్లున్నా పానీయం మాత్రం తూర్పు సముద్రాలలో పుట్టినదే. ఓడలలో తెచ్చుకొన్న బీరు ఉష్ణమండలపు వేడికి పులిసి పాడయ్యేది. చేతికందినది కల్లును బట్టీ పెట్టి దించిన ఘాటైన సారాయి. దాని ఘాటును నిమ్మతో, చక్కెరతో విరిచి తాగడం నావికులు నేర్చారు. ఆ అలవాటే వారితోపాటు లండనుకు, అక్కడి నుండి అమెరికాకు చేరింది.

కాక్‌టెయిల్ అంటే పంచ్ కాదు. రెండింటికీ నడుమ గల తేడా ఒక్క చుక్కలో ఉన్నది. 1806 మే నెలలో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రిక ఒకటి, పాఠకుడొకరు అడిగిన ప్రశ్నకు సమాధానంగా, కాక్‌టెయిల్ అనగా మద్యం, చక్కెర, నీరు, బిటర్స్ అనే నాలుగింటి మిశ్రమమని నిర్వచించింది. బిటర్స్ అనగా చేదు కషాయం. ఆ చేదు చుక్క లేనిదానిని ఆనాటివారు కాక్‌టెయిల్ అనేవారే కాదు. కాలక్రమంలో కొత్త కొత్త కల్పనలు వచ్చి చేరిన పిమ్మట, పాత పద్ధతిలోనే కావాలని పట్టుబట్టినవారి కోసం మిగిలిన పానీయానికి ‘ఓల్డ్ ఫ్యాషన్డ్’ అన్న పేరు స్థిరపడింది. విస్కీ, చక్కెర, నాలుగు చుక్కల చేదు. అంతే.

ఆ చేదు ఎక్కడిది? ఔషధశాలలోనిది.

వైద్యుని అలమార నుండి

లండనులో రిచర్డ్ స్టౌటన్ అనే ఔషధ విక్రేత 1712లోనే తన చేదు కషాయానికి పేటెంటు పొందాడు. కడుపులో మందం, అజీర్తి, అరుచి వంటివాటికి దానిని వాడేవారు. నేడు ప్రపంచంలోని ప్రతి బారులోను కనిపించే ఆంగోస్తురా బిటర్స్‌ను 1824లో రూపొందించినవాడు జర్మన్ వైద్యుడు యోహాన్ సీగర్ట్. ఆయన సిమోన్ బొలీవర్ సైన్యంలో శస్త్రచికిత్సకుడు. వెనిజులాలో ఓరినోకో నది ఒడ్డున గల ఆంగోస్తురా పట్టణంలో, జీర్ణకోశ వ్యాధులతో బాధపడే సైనికుల కోసం దానిని తయారు చేశాడు. ఆ పట్టణానికి 1846లో బొలీవర్ పేరే పెట్టారు. సీగర్ట్ వారసులు 1875లో తయారీని ట్రినిడాడ్ ద్వీపానికి తరలించారు. పట్టణం పేరు మారింది, దేశం మారింది, సీసా మీది పేరు మాత్రం మారలేదు. ఆంగోస్తురా అనే పేరుగల చెట్టుబెరడు ఒకటి వేరుగా ఉన్నది. ఈ సీసాలో అది లేదు. ఇందులోని చేదుకు ముఖ్యమైన మూలం జెన్షియన్ అనే పర్వత మొక్క వేరు.

జెన్షియన్ వేరులోని అమరోజెంటిన్ అనే పదార్థం ప్రకృతిలో మానవునికి తెలిసిన మిక్కిలి చేదు పదార్థాలలో ఒకటి. ఐదుకోట్ల ఎనభై లక్షల వంతుల నీటిలో ఒక వంతు కలిపినా నాలుక పసిగడుతుంది. హిమాలయ ప్రాంతపు కిరాతతిక్తం కూడ జెన్షియన్ కుటుంబానికి చెందినదే. అందులోనూ ఈ అమరోజెంటిన్ ఉన్నది. ఆయుర్వేద వైద్యుడు జ్వరానికి వాడినదీ, జర్మన్ వైద్యుడు సీసాలో పోసినదీ రసాయన దృష్టితో చూస్తే దగ్గరి బంధువులే.

ఈ కషాయాలను మద్యంలో నానబెట్టడానికి కారణం మత్తు కాదు. వేళ్ళలోని, బెరడులలోని చేదు పదార్థాలు, సుగంధ తైలాలు, జిగురు పదార్థాలలో చాలభాగం నీటిలో అరకొరగానే కరుగుతాయి, ఆల్కహాలులో చక్కగా కరుగుతాయి. పైగా ఆల్కహాలులో బూజు పట్టదు. మన దశమూలారిష్టం, ద్రాక్షారిష్టం వంటివి పనిచేసే సూత్రమూ ఇదే. అక్కడ బెల్లం, ధాతకీ పుష్పాలు కలిపి పులియబెట్టగా పుట్టిన ఆల్కహాలే మూలికల సారాన్ని లాగుతుంది. ఆంగోస్తురా సీసాలో ఆల్కహాలు 44.7 శాతం, అంటే విస్కీ కంటె ఒకింత ఎక్కువే. అయినా చేదు కారణంగా దానిని ఎవరూ గ్లాసులో పోసుకొని తాగలేరు గనుక అమెరికాలో కిరాణా దుకాణంలో, మసాలా దినుసుల వరుసలో అమ్ముతారు. మద్యం ముట్టని కుటుంబాలవారు విందులలో ‘సోడా అండ్ బిటర్స్’ను నిశ్చింతగా అందుకొంటారు. అందులో పడే ఆల్కహాలు నాలుగైదు చుక్కల పాటిదే కాని శూన్యం మాత్రం కాదు. నియమంగా ఉండదలచినవారు ఈ సంగతి తెలిసి నిర్ణయించుకోవడం మంచిది.

నాలుకకు చేదు ఎందుకు?

తీపిని గుర్తించడానికి మానవునిలో ఉన్నది ప్రధానంగా ఒకే రకం గ్రాహకం. చేదును గుర్తించడానికి దాదాపు ఇరవైఐదు రకాలున్నాయి. 2000లో వీటి జన్యువులు బయటపడ్డాయి. ఇంత పక్షపాతం ఎందుకంటే, మొక్కలు తమను తినే జంతువుల నుండి కాపాడుకొనేందుకు తయారుచేసుకొన్న విషాలలో అనేకం చేదుగా ఉంటాయి. తీపిని గుర్తించకపోతే ఒక పూట ఆకలి. విషాన్ని గుర్తించకపోతే ప్రాణహాని. ఒక్క క్వినైనే ఈ ఇరవైఐదింటిలో తొమ్మిదింటిని తట్టి లేపుతుంది. చేదు నాలుక వెనుక భాగంలోనే తెలుస్తుందని పాత పాఠ్యపుస్తకాలలో అచ్చువేసిన పటం సరికాదు. రుచిమొగ్గలున్న చోటనెల్లా అన్ని రుచులూ తెలుస్తాయి.

పిల్లలకు చేదు పెద్దలకంటె ఘాటుగా తోస్తుంది. ఉగాది పచ్చడిలోని వేపపువ్వును వేలితో ఏరి పక్కన పెట్టే పిల్లవాడిని మొండివాడని కోప్పడడంలో న్యాయం లేదు. వాడి నాలుక వాడి పని తాను చేస్తున్నది. చేదు తిన్నా కీడు జరగలేదని మెదడు ఏళ్ళ తరబడి నేర్చుకొన్న తరువాతనే కాకరకాయ మీద, కాఫీ మీద, బిటర్స్ మీద ఇష్టం కలుగుతుంది.

పేరు మిగిలి, పదార్థం మారినవి

పాత కాక్‌టెయిల్ పుస్తకాలు, ముఖ్యంగా జెర్రీ థామస్ 1862లో ప్రచురించినది, తిరగేస్తే నేటి దుకాణాలలో పేరుకు మాత్రమే మిగిలిన సరుకులు కనిపిస్తాయి. గ్రెనడిన్ అనే ఎర్రని పాకాన్ని ఒకప్పుడు దానిమ్మరసంతో కాచేవారు. ఫ్రెంచిలో దానిమ్మను గ్రెనేడ్ అంటారు. నేటి చౌకరకం సీసాలలో ఉన్నది మొక్కజొన్న పాకం, సిట్రిక్ ఆమ్లం, ఎర్రరంగు. ఓర్జా అనే పాకానికి పేరు బార్లీ నుండి వచ్చింది; క్రమంగా బార్లీ తొలగి బాదం మిగిలింది; ఇప్పుడు చాల సీసాలలో బాదం వాసన తప్ప బాదం లేదు. గమ్ సిరప్ అనే మరొకటి చక్కెరపాకంలో అరబ్బీ బంక కరిగించినది. ఈ బంక మన తుమ్మబంకకు తోబుట్టువు. దాని పొడవాటి అణువులు చక్కెర మరల స్ఫటికాలు కట్టకుండా అడ్డుపడతాయి, పానీయానికి నాలుక మీద పట్టువంటి నునుపునిస్తాయి. ఇది ఆడంబరం కోసం చేసిన పని కాదు, చక్కని రసాయన పరిజ్ఞానం. ఇంట్లో దానిమ్మ ఉన్న గృహిణి ఎవరైనా సమాన తూకం చక్కెరతో అసలైన గ్రెనడిన్ అరగంటలో కాచగలదు. పిల్లల షర్బత్తుకు అది దుకాణం సరుకు కంటె నూరురెట్లు మేలు.

మాచిపత్రి చుట్టరికం

వినాయక చవితినాడు ఇరవైయొక్క పత్రాలలో మొట్టమొదట సమర్పించేది మాచిపత్రి. వృక్షశాస్త్రంలో దీనిది ఆర్టిమీసియా ప్రజాతి. పూలదండలలో మరువంతో కలిపి కట్టే దవనమూ ఆ ప్రజాతిదే. యూరపులో పెరిగే వర్మ్‌వుడ్ వీటికి సోదరి. వెర్మూత్ అనే మద్యానికి పేరు దాని జర్మన్ నామం నుండే వచ్చింది. ఇటలీలోని టూరిన్ నగరంలో 1786లో ఆంటోనియో కార్పానో తయారుచేసిన ఈ మూలికా ద్రాక్షసారాయి లేకుండా మార్టినీ లేదు, మాన్‌హటన్ లేదు. చవితి పత్రి కోసం ఎండిన ఆకుల పొట్లాన్ని దేశం నుండి తెప్పించుకొనేవారికి ఒక మాట: ఆంగ్లంలో మగ్‌వర్ట్ అని పిలిచే మాచిపత్రి జాతి అమెరికా తూర్పు రాష్ట్రాలలో బాటల పక్కన, కంచెల వెంట తీసివేయలేని కలుపుమొక్కగా పెరుగుతున్నది. దాని పుప్పొడి ఉబ్బసం ఉన్నవారికి పడదు. కోసుకొనేవారు పూతకు ముందే కోసుకోవాలి.

వర్మ్‌వుడ్‌తో చేసిన మరొక పానీయం ఆబ్సాంత్. దాని కథలో విజ్ఞానశాస్త్రం తలదించుకోవలసిన ఘట్టం ఒకటి ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్దం చివర ఫ్రాన్సులో ద్రాక్షతోటలు తెగులుకు బలై వైన్ ధర పెరగగా, సామాన్యులు ఆబ్సాంత్‌కు మరలారు. పారిస్ వైద్యుడు వాలంతాఁ మాన్యాఁ వర్మ్‌వుడ్ తైలసారాన్ని నేరుగా జంతువులకిచ్చి, అవి మూర్ఛలతో కొట్టుకొనడం చూపి, పానీయంలోని విషం ఇదేనని ప్రచారం చేశాడు. తైలసారం వేరు, చుక్కలుగా అది కలసిన పానీయం వేరు అన్న తర్కం ఎవరికీ పట్టలేదు. 1905లో స్విట్జర్లాండులో జాఁ లాన్‌ఫ్రే అనే కూలీ తన భార్యను, బిడ్డలను కాల్చి చంపాడు. ఆ రోజు అతడు సీసాల కొలది వైన్, దానిపైన బ్రాందీ కూడ తాగి ఉన్నాడు. కాని నేరం రెండు గ్లాసుల ఆబ్సాంత్ మీద పడింది. స్విట్జర్లాండు 1910లో, అమెరికా 1912లో, ఫ్రాన్సు 1915లో దానిని నిషేధించాయి. నిషేధానికి ముందునాటి పదమూడు సీసాలను తెరచి పరీక్షించిన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. నిందపడిన తూజోన్ అనే పదార్థం సగటున లీటరుకు 25 మిల్లీగ్రాములు మాత్రమే ఉన్నది. చెరుపు చేసినది అందులోని 70 శాతం వరకు గల ఆల్కహాలే. అప్పటికే ఐరోపాలో, అమెరికాలో నిషేధాలు సడలడం మొదలైంది.

ఆ ఆర్టిమీసియా ప్రజాతిలోనే మరొక మొక్క నుండి 1972లో చైనా శాస్త్రజ్ఞురాలు తూ యోయో బృందం ఆర్టిమిసినిన్ అనే మలేరియా మందును వేరుచేసింది. ఆమెకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. క్వినైన్ నుండి ఆ స్థానాన్ని అందుకొన్నది ఈ మొక్కే.

కొయినా కథ

పాతతరంవారు కొయినా అని పిలిచిన క్వినైన్ దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో పెరిగే సింకోనా చెట్టు బెరడులోనిది. పెరూ వైస్రాయి భార్య, చించోన్ ప్రభ్వి, ఈ బెరడుతో జ్వరం తగ్గించుకొని దానిని స్పెయిన్‌కు తెచ్చిందన్న కథను నమ్మి లిన్నేయస్ 1742లో చెట్టుకు ఆమె పేరు పెట్టాడు. పెట్టడంలో ఒక అక్షరం జారవిడిచాడు. తరువాత వైస్రాయి కొలువు దినచర్యను పరిశీలించగా ఆ కథే కల్పితమని తేలింది. తప్పు కథ, తప్పు అక్షరం. పేరు మాత్రం శాశ్వతం. 1820లో ఫ్రెంచి రసాయనికులు పెల్లెతియే, కవాంతూ బెరడు నుండి క్వినైన్‌ను వేరుచేశారు. 1860లో క్లెమెంట్స్ మార్కమ్ సింకోనా మొక్కలను, విత్తనాలను పెరూ నుండి తరలించగా నీలగిరులలో తోటలు వెలిశాయి. 1892 నుండి బెంగాలులో తపాలా కచేరీలలో క్వినైన్ పొట్లాలు అమ్మారు.

మన్యం జ్వరం పేరు వింటేనే భయపడిన ప్రజలకు ఆ జ్వరం ఎట్లు వస్తున్నదో తెలిసినది సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ జీర్ణాశయపు గోడను సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తూ మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ దోమ కుట్టిన రోగి పేరు హుసేన్ ఖాన్. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. పరాన్నజీవి మన ఎర్రరక్తకణాలలో చేరి హీమోగ్లోబిన్‌ను తింటుంది. తినగా మిగిలిన హీమ్ దానికే విషం గనుక దానిని స్ఫటికాలుగా మార్చి దాచుకొంటుంది. ఆ పని సాగకుండా క్వినైన్ అడ్డుకొంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

క్వినైన్ చేదు భరించలేక ఆంగ్లేయ సైనికులు దానిలో జిన్ కలుపుకొన్నారనీ, జిన్ అండ్ టానిక్ మలేరియా మందుగా పుట్టిందనీ ప్రతి విందులోను ఎవరో ఒకరు చెబుతారు. కథ బాగున్నది గాని ఆధారాలు అట్లు చెప్పడం లేదు. వాయువు నింపిన టానిక్ నీటికి లండనులో 1858లో ఎరాస్మస్ బాండ్ పేటెంటు తీసుకొన్నాడు. జిన్ అండ్ టానిక్ తొలిసారిగా అచ్చులో కనిపించేది 1868లో, సియాల్‌కోట గుర్రప్పందేల వార్తలో. పందేలు ముగిసిన పిదప ప్రేక్షకులు దాహానికి అడిగిన పానీయంగానే తప్ప ఔషధంగా కాదు.

లెక్క చూసినా అంతే. అమెరికాలో టానిక్ నీటిలో క్వినైన్ లీటరుకు 83 మిల్లీగ్రాములు మించరాదు. మలేరియా చికిత్సకు రోజుకు కావలసిన క్వినైన్ టానిక్ ద్వారా అందాలంటే సుమారు ఇరవై లీటర్లు, వారంపాటు తాగాలి. దేశానికి పోయేముందు, మాత్రలకు బదులు టానిక్ తాగితే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే దానిని హాస్యంగానే తీసుకోవాలి. చిన్ననాట వచ్చిన రోగనిరోధకశక్తి విదేశవాసంలో క్రమంగా సన్నగిల్లుతుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు అసలే ఉండదు. మలేరియా ఉన్న ప్రాంతాలకు పోయేవారు వైద్యుని సలహాతో మాత్రలు తీసుకోవడమే మార్గం.

పెద్దల పిక్కనొప్పి, పిల్లల జాగ్రత్త

తల్లిదండ్రులు పిల్లల వద్దకు వచ్చి నెలల తరబడి ఉండే ఇళ్ళలో మరొక వాడుక ఉన్నది. రాత్రివేళ పిక్కలు పట్టివేస్తే పొరుగువారి సలహాపై పడుకొనేముందు ఒక గ్లాసు టానిక్ నీరు తాగడం. క్వినైన్ కండరపు ఉద్రేకాన్ని కొంత తగ్గించే మాట నిజమే. ఒకప్పుడు ఇందుకై మాత్రలు కూడ చీటీ లేకుండా అమ్మేవారు. కొందరిలో రక్తఫలకికలు హఠాత్తుగా పడిపోవడం, గుండె లయ తప్పడం, మరణాలు సంభవించడం గమనించి అమెరికా ఆహార ఔషధ సంస్థ 1994లో ఆ అమ్మకాన్ని ఆపింది; ఆమోదంలేని క్వినైన్ మందులను తొలగించవలసిందిగా 2006లో ఆదేశించింది; పిక్కనొప్పికి వాడవద్దని 2010లో మరల హెచ్చరించింది.

టానిక్‌లోని మోతాదు చిన్నది గదా అన్న ప్రశ్న న్యాయమైనదే. సాధారణంగా దానితో హాని లేదు. కాని ఇది మోతాదుతో నిమిత్తం లేని అసహనం. కొందరి రక్తంలోని ప్రతిరక్షకాలు క్వినైన్ ఉన్నప్పుడు మాత్రమే ఫలకికలకు అంటుకొని వాటిని నాశనం చేస్తాయి. ఒక గ్లాసు టానిక్ అందుకు చాలు. చర్మం మీద ఊదారంగు మచ్చలతో వచ్చిన ఇటువంటి రోగిని గురించి 1967లో ఒక వైద్యపత్రిక ‘కాక్‌టెయిల్ పర్‌ప్యూరా’ అన్న పేరుతోనే వ్రాసింది. టానిక్ తాగిన తరువాత కారణంలేని కమిలిన మచ్చలు, చిగుళ్ళ నుండి రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఏం తాగినదీ వైద్యునికి చెప్పాలి. ఎవరూ అడగరు గనుక ఎవరూ చెప్పరు, అక్కడే ఆలస్యమవుతుంది. గుండెకు డిగాక్సిన్, రక్తం గడ్డకట్టకుండ వార్‌ఫరిన్ వాడే పెద్దలు టానిక్‌ను అలవాటు చేసుకొనేముందు వైద్యుని అడగడం అవసరం. గర్భిణులు మానివేయడం మేలు. ఇక మధుమేహం ఉన్నవారు, టానిక్‌ను సోడా అనుకొని గ్లాసు నింపుకొనేవారు, ఒక మామూలు డబ్బాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుందని గమనించాలి. చేదు దానిని కప్పివేస్తుంది.

పిల్లల కోసం ఒక ప్రయోగం. నల్లదీపమని పిలిచే అతినీలలోహిత దీపాన్ని చీకటిగదిలో టానిక్ సీసాకు దగ్గరగా పెడితే నీరు నీలిరంగులో వెలుగుతుంది. దీపం కాంతిని నేరుగా కళ్ళలో పడనీయరాదు. క్వినైన్ అణువులు కంటికి కనిపించని కిరణాలను మింగి, కొంత శక్తిని కోల్పోయి, కనిపించే నీలికాంతిగా బయటికి విడుస్తాయి. 1845లో జాన్ హెర్షెల్ ఎండలో క్వినైన్ ద్రావణం అంచున ఈ నీలిఛాయను గమనించాడు. 1852లో జార్జి స్టోక్స్ దానిని వివరించి ఫ్లోరెసెన్స్ అని పేరుపెట్టాడు. ఇప్పుడు ఒక చెంచా వంటఉప్పు వేసి కలిపితే వెలుగు మందగిస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు ఉత్తేజితమైన క్వినైన్ అణువులను ఢీకొని, అవి కాంతిని విడువకముందే వాటి శక్తిని హరించడమే అందుకు కారణం. ఉప్పుకు బదులు అంతే చక్కెర వేసి చూస్తే తేడా కనిపించదు. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి, ఏ గ్లాసులో ఏది వేశారో చెప్పకుండా, పిల్లలనే కనిపెట్టమనాలి.